బ్యాటరీ లేని బుల్లి కంప్యూటరు: అపోహలు – వాస్తవాలు

రాస్ప్‌బెర్రీ పై లాంటి చవక బోర్డుల గురించి వినిపించే మాటలు రెండు రకాలు. కొనకముందు "అరచేతిలో పట్టే కంప్యూటరట, చేయలేని పని లేదట" అంటారు. కొన్న ఆరు నెలలకు అదే నోటితో "అది పిల్లల బొమ్మండీ, ఊరికే పాడైపోతుంది" అంటారు. రెండూ తప్పే. పైగా రెండింటి మూలం ఒకటే. ఫోన్లలో ఉండే ఆర్మ్ రకం ప్రాసెసరు, ఫోను ఛార్జరు దూరే సాకెట్టు, ఫోనులో వేసుకునే మెమొరీ కార్డు ఇందులోనూ కనబడేసరికి దీన్ని స్క్రీను లేని ఫోనుగా లెక్కగట్టేస్తారు. ఫోనులో ఉండి ఇందులో లేనిది ఒకటుంది, అది బ్యాటరీ. ఈ బోర్డు మీద పడ్డ నిందల్లో చాలావాటికి కారణం వెతుక్కుంటూ పోతే ఆ ఖాళీ దగ్గరే తేలతాం.

ముందు ఛార్జరు సంగతి. "ఇంట్లో పాత ఫోను ఛార్జరు పడుంది, అది చాల్లే" అన్నది అందరికీ తోచే ఆలోచన. ఫోను విషయంలో ఛార్జరు పని బ్యాటరీని నింపడం వరకే. ఫోనును నడిపేది బ్యాటరీ. ఛార్జరు బలహీనమైతే నిండడం ఆలస్యమవుతుంది, ఫోను నడవడం మాత్రం ఆగదు. బోర్డులో ఆ మధ్యవర్తి లేడు కాబట్టి వైరులో తరిగిపోయిన వోల్టేజీ దెబ్బ నేరుగా బోర్డుకే తగులుతుంది. లెక్క వేసి చూద్దాం. సన్నటి తీగలున్న కేబులుకు రానూ పోనూ కలిపి పావు ఓమ్ నిరోధం ఉందనుకుంటే, 2 ఆంపియర్లు పారేటప్పుడు అర వోల్టు కేబులులోనే ఖర్చయిపోతుంది. ఛార్జరు దగ్గర నిండుగా 5 వోల్టులున్నా బోర్డుకు అందేది 4.5 మాత్రమే. 4.63 వోల్టుల కిందికి దిగితే బోర్డు హెచ్చరిస్తుంది. స్క్రీను మూలన వెలిగే పసుపుపచ్చ మెరుపు గుర్తు అదే, చాలామంది దాన్ని అలంకారమనుకుని వదిలేస్తారు. "అయితే 65 వాట్ల లాప్‌టాప్ ఛార్జరు పెడితే సరి" అనేవాళ్లూ ఉన్నారు. ఆ 65 వాట్లు వచ్చేది 20 వోల్టుల దగ్గర. 5 వోల్టుల దగ్గర అలాంటి ఛార్జర్లు మామూలుగా 3 ఆంపియర్లు దాటవు. 2019లో వచ్చిన పై 4కు అది సరిపోతుంది. 2023లో వచ్చిన పై 5 మాత్రం 5 వోల్టుల దగ్గరే 5 ఆంపియర్లు కోరుతుంది. 3 ఆంపియర్లే ఇస్తే నడవకపోదు గానీ, యూఎస్‌బీ సాకెట్లన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లకు మించి పోనివ్వదు. తగిలించిన హార్డ్‌డిస్కు మాటిమాటికీ మాయమవుతోందంటే డిస్కును తిట్టేముందు ఛార్జరు వైపు చూడాలి.

ఇంతకంటే గట్టిగా పాతుకుపోయిన అపోహ మెమొరీ కార్డుది. "ఎంత మంచి కార్డు వేసినా పోతుంది, ఇది నమ్మదగిన యంత్రం కాదు" అంటారు. కార్డులు పోతున్న మాట నిజమే, ఎందుకు పోతున్నాయన్నదే తప్పుగా అర్థమైంది. రాసి రాసి అరిగిపోవడం ఒక కారణం. అయితే మామూలు ఇంటి వాడకంలో అది నెమ్మదిగా జరిగే వ్యవహారం. అసలు దెబ్బ కొట్టేది ప్లగ్గు పీకేయడం, లేదా కరెంటు పోవడం. ఫ్లాష్ మెమొరీలో ఒక చిన్న ముక్కను నేరుగా చెరిపి రాయడం కుదరదు, పెద్ద గడి మొత్తాన్ని చెరపాల్సిందే. అందుకని కార్డులోని చిన్న కంట్రోలరు ఎప్పుడూ పాత సమాచారాన్ని ఒక గడిలోంచి మరో గడిలోకి సర్దుతూ ఉంటుంది. ఆ సర్దుడు మధ్యలో కరెంటు పోతే, ఆ క్షణంలో మనం తాకని ఫైళ్లు కూడా చెడిపోవచ్చు. నిన్నటిదాకా బాగా నడిచిన బోర్డు ఈ రోజు లేవకపోవడం వెనకున్న రహస్యం ఇదే. ఫోనులోనూ ఫ్లాష్ మెమొరీయే కదా, అది ఎందుకు చెడదు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బ్యాటరీ పూర్తిగా అడుగంటకముందే ఫోను తన పనులన్నీ ముగించుకుని పద్ధతిగా ఆగిపోతుంది. బోర్డుకు ఆ వ్యవధి దొరకదు.

"మా ఇంట్లో ఇన్వర్టరుంది, మాకా బెంగ లేదు" అన్న ధీమాలోనూ కొంచెం లొసుగు ఉంది. కరెంటు పోయాక ఇన్వర్టరు అందుకునే ఆ లిప్తపాటు ఎంతన్నది అది ఏ మోడ్‌లో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. వెనకవైపు యూపీఎస్ మోడ్ మీట ఉన్న ఇన్వర్టర్లలో దాన్ని అటు పెడితే మారడం వేగంగా జరుగుతుంది, మామూలు మోడ్‌లో నెమ్మదిస్తుంది. ఫ్యానుకూ దీపానికీ ఆ తేడా తెలియదు, కంప్యూటరుకు తెలుస్తుంది. ఇన్వర్టరు లేనివాళ్లకు ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ సెట్టింగుల్లో ఓవర్లే ఫైల్ సిస్టమ్ అనేది ఆన్ చేస్తే రాతలన్నీ ర్యామ్‌లోనే జరిగి కార్డు చెక్కుచెదరకుండా ఉంటుంది. రీస్టార్ట్ చేస్తే చేసిన మార్పులు మిగలవు. ఎప్పుడూ ఒకే పని చేసే బోర్డుకు అదే కావాలి కూడా. ఫైళ్లు దాచుకోవలసిన పనైతే యూఎస్‌బీకి ఎస్ఎస్‌డీ తగిలించి దాని మీంచే నడపడం మేలు. ఏది చేసినా, అంతా సిద్ధమయ్యాక కార్డును ఉన్నదున్నట్టు కాపీ తీసి దాచుకుంటే ఎన్నో ఆదివారాలు మిగులుతాయి.

గడియారం సంగతి చాలామందికి తట్టదు. పై 4 దాకా వచ్చిన బోర్డులకు కరెంటు లేనప్పుడు సమయం లెక్కపెట్టే ఏర్పాటే లేదు. పై 5లో ఉంది గానీ దాని చిన్న బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి. అది లేకపోతే బోర్డు లేవగానే ఇంటర్నెట్‌ను అడిగి టైము సరిచేసుకుంటుంది. కరెంటు వచ్చాక రూటరు లేవడానికి బోర్డు కంటే ఎక్కువసేపు తీసుకుంటే? అంతవరకూ బోర్డుకు ఆగిపోయిన సమయమే సమయం. ఉదయం 6 గంటలకు మోటారు వేయమని చెప్పి పెట్టుకున్నవాళ్లు నెట్ రాని రోజున ట్యాంకు ఎందుకు నిండలేదా అని బుర్ర గోక్కుంటారు. డీఎస్ 3231 అనే చిన్న గడియారపు మాడ్యూలు తగిలిస్తే ఆ గొడవ తీరిపోతుంది.

ఎండాకాలం భయం మాత్రం కాస్త అతి. రెంటచింతల ఎండల్లో ప్రాసెసరు కాలిపోతుందేమోనని అడుగుతారు. కాలిపోదు, 80 డిగ్రీలు దాటగానే తన వేగం తానే తగ్గించుకుంటుంది. చిప్పు వేడి గది వేడి మీద కూర్చుంటుంది కాబట్టి, డిసెంబరులో చురుగ్గా ఉన్న బోర్డు మే నెలలో మందగిస్తుంది. హీట్‌సింకో చిన్న ఫ్యానో పెడితే ఇక ఆలోచించనక్కర్లేదు.

ఇళ్లలో అందరూ మనసుపడే ప్రాజెక్టు డాబా మీది వాటర్ ట్యాంకు. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగాలి. "బోర్డుకు 40 పిన్నులున్నాయి, సెన్సరు గుచ్చి రిలే పెడితే అయిపోతుంది" అంటారు. ఇక్కడ బ్యాటరీ సంగతి కాదు, ఫోను తయారీదారు మనకు కనబడకుండా లోపల పెట్టే రక్షణల సంగతి. ఈ పిన్నులకు అవి లేవు. ఈ పిన్నులు తట్టుకునేది 3.3 వోల్టులే. అందరూ కొనే హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సరు జవాబు పిన్ను నుంచి 5 వోల్టులు పంపుతుంది. నేరుగా కలిపితే బోర్డు వెంటనే చావకపోవచ్చు, కొన్నాళ్లు నడిచి చస్తుంది. దాంతో నింద బోర్డు మీద పడుతుంది. మధ్యలో ఒక 1 కిలో ఓమ్, ఒక 2 కిలో ఓమ్ రెసిస్టర్లు కలిపి వోల్టేజీని విడగొడితే చాలు, అవి రూపాయల్లో వచ్చే సరుకు. మొక్కల కుండీలో తేమ చూసే సెన్సర్ల కథ వేరు. వాటిలో చాలావరకు అనలాగ్ సంకేతం ఇస్తాయి, రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు అనలాగ్ చదవడమే రాదు. దానికి ఎంసీపీ 3008 లాంటి చిప్పు విడిగా కావాలి. ఇక మోటారు. రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది, 1 హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు అంతకంటే తక్కువే లాగుతుంది. అందుకని ధైర్యం చేస్తారు. కానీ మోటారు స్టార్టయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, రిలే కాంటాక్టులు అంటుకుపోయేది అప్పుడే. అంటుకుపోతే మోటారు ఆగదు. రిలే కాంటాక్టరు అనే పెద్ద స్విచ్చును నడపాలి, కాంటాక్టరు మోటారును నడపాలి, ఆ వైరింగు ఎలక్ట్రీషియన్ చేయాలి. ఇంకొక మాట: బోర్డు ఎంత తెలివిగలదైనా మధ్యలో బిగుసుకుపోవచ్చు. అందుకని ఆఖరి కత్తెర బోర్డు చేతిలో ఉండకూడదు. కాంటాక్టరు కాయిల్‌కు సిరీస్‌లో, ట్యాంకు నిండగానే తెగే ఒక ఫ్లోట్ స్విచ్ ఉంటే, బోర్డును నడిపే లైనక్స్ నిద్రపోయినా నీళ్లు డాబా మీంచి కారవు.

నెట్‌వర్కు విషయంలో కూడా ఫోను పోలిక తప్పుదారి పట్టిస్తుంది. ఫోను బయటికి వెళ్లి అడుగుతుంది, సర్వరుగా పెట్టిన బోర్డు ఇంట్లో కూర్చుని జవాబిస్తుంది. 2022 ఏప్రిల్ దాకా ఈ ఓఎస్‌లో అందరికీ ఒకే యూజరు పేరు, ఒకే పాస్‌వర్డు వచ్చేవి. ఆ తర్వాతే మొదటిసారి పెట్టేటప్పుడు ఎవరిది వాళ్లు సృష్టించుకోవాలన్న నియమం వచ్చింది. ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలనూ రూటర్లనూ మిరాయ్ అనే మాల్‌వేర్ 2016లో పెద్ద ఎత్తున పట్టేసింది కాబట్టి ఈ జాగ్రత్త ఉత్తిది కాదు. పాత వీడియో చూసి పాత ఇమేజ్ వేసుకునేవాళ్లు ఆ పాత తలుపునే తెరుస్తున్నట్టు. "రూటర్‌లో పోర్టు తెరిస్తే ఆఫీసు నుంచీ చూసుకోవచ్చు" అన్న సలహా మన దగ్గర చాలాసార్లు పనిచేయదు కూడా. ఒకే పబ్లిక్ చిరునామాను అనేక ఇళ్లకు పంచే పద్ధతిని చాలా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు పాటిస్తున్నాయి. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ పెట్టుకోవడం తేలిక, భద్రం కూడా. ప్రకటనలను అడ్డుకునే పై-హోల్ అనే సాఫ్ట్‌వేర్ పెడితే ప్రకటనలన్నీ పోతాయన్నది మరో ఆశ. అది సర్వరు పేరును బట్టి అడ్డుకుంటుంది. వెబ్‌సైట్లలో చాలా ప్రకటనలు ఆగుతాయి. యూట్యూబ్ ప్రకటనలు వీడియోలు వచ్చే చోటు నుంచే వస్తాయి కాబట్టి ఆగవు.

ఇదంతా విన్నాక ఎవరైనా అడిగే మాట ఒకటే: ఇన్ని తగిలించాక ఇందులో చవకేముంది? 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకు మొదటి బోర్డు వచ్చింది. 2015లో 5 డాలర్ల పై జీరోను పత్రిక అట్ట మీద అంటించి ఉచితంగా పంచారు. ఆ అంకెలు జనం నోళ్లలో ఉండిపోయాయి. అవి ఒట్టి బోర్డు ధరలు. ఛార్జరు, కార్డు, పెట్టె, కేబుళ్లు కలిపితే లెక్క మారుతుంది. పాత ఆఫీసు మినీ పీసీ సెకండ్‌హ్యాండ్‌లో దొరికి, కుటుంబం ఫోటోలూ సినిమాలూ దాచుకోవడమే పనైతే, దాన్నే కొనమంటాను. అయితే రోజంతా వెలిగి ఉండాల్సిన చిన్న పనికి కరెంటు లెక్క కూడా చూడాలి. 4 వాట్లు తినే బోర్డు నెలకు 3 యూనిట్ల లోపే కాలుస్తుంది, ఊరికే కూర్చుని 50 వాట్లు తినే పాత డెస్క్‌టాప్ 36 యూనిట్లు కాలుస్తుంది. పాత ఫోనే వాడొచ్చుగా, దానికి బ్యాటరీ కూడా ఉందిగా అంటే, ఏడాది పొడుగునా ఛార్జింగులో ఉంచితే ఉబ్బేది ఆ బ్యాటరీయే. పైగా ఫోనుకు పిన్నులు లేవు. ఇక ట్యాంకు ఒక్కటే మీ సమస్య అయితే లైనక్స్ నడిపే బోర్డే అక్కర్లేదు, ఈఎస్‌పీ 32 అనే చిన్న మైక్రోకంట్రోలరు చాలు. మోటారు ఆగడం తప్ప ఫోనులో నీటి మట్టం చూసుకోవాలన్న సరదా లేకపోతే, అదీ వద్దు, ఆ ఫ్లోట్ స్విచ్చే చాలు.