అమెజాన్ అడుగున ఎన్ని నేలలో!

విమానంలోంచి చూస్తే అమెజాన్ అంతా ఒకటే పచ్చన. గంటల కొద్దీ ఎగిరినా కిటికీ కింద అదే అడవి కదులుతూ ఉంటుంది. మధ్యలో మెలికలు తిరిగిన ఏరు, అది ఎప్పుడో విడిచిపోయిన మడుగు, మళ్లీ అడవి. పాఠ్యపుస్తకాల పటాల్లోనూ దానికి ఒకే రంగు పూస్తారు. ఆ పచ్చని కప్పు కిందికి దిగి, రాలిన ఆకులను చేత్తో పక్కకు తోసి చూసినవాళ్లకు మాత్రం మరో లోకం కనబడుతుంది. ఒకచోట ఎర్రని బంకమట్టి. కొన్ని కిలోమీటర్లు దాటితే తెల్లని ఇసుక. పల్లాల్లో బూడిదరంగు బురద. నది గట్టున అక్కడక్కడా కారునలుపు మట్టి, అందులో బొగ్గు తునకలు, కుండ పెంకులు. ప్రపంచ నేలల వర్గీకరణలో 32 పెద్ద తరగతులుంటే, వాటిలో 19 అమెజాన్‌లో ఉన్నాయని అక్కడ పనిచేసిన శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు.

రేగడిలో ఏది పండుతుందో, ఎర్రచల్కలో ఏది పండుతుందో మన రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేల చూసి విత్తనం ఎంచుతాడు. మరి విత్తేవాడే లేని అడవిలో ఎంచేదెవరు? ఈ మట్టిలో ఈ చెట్టే ఉండాలని తేల్చేదెవరు? అమెజాన్ నేలల పటం గీయడానికి పూనుకున్నవాళ్లు తమకు తెలియకుండానే ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగారు.

పెరూ ఈశాన్యాన ఇక్విటోస్ అనే నగరం ఉంది. దేశంలోని మిగతా నగరాల నుంచి దానికి రోడ్డు లేదు. నది మీదో, గాలిలోనో చేరుకోవాలి. అక్కణ్నుంచి నౌటా అనే చిన్న ఊరికి వెళ్లే దారి పక్కన అల్పవాయో-మిషానా రిజర్వు ఉంది. ఈ ప్రాంతంలోని బంకమట్టి అడవిలో ఒక్క హెక్టారులోనే దాదాపు 300 చెట్ల జాతులు ఉన్నాయని వృక్షశాస్త్రవేత్త ఆల్విన్ జెంట్రీ 1980లలో లెక్కపెట్టి లోకాన్ని నివ్వెరపరిచాడు. దిమ్మెల్లాంటి వేళ్లు పరిచిన మహావృక్షాలు, మిట్టమధ్యాహ్నం కూడా మసక వెలుతురు.

అదే అడవిలో కాస్త దూరం నడిస్తే ఉన్నట్టుండి వెలుగు పెరుగుతుంది. చెట్లు పొట్టివవుతాయి, సన్నబడతాయి, కర్రలు పాతినట్టు దగ్గరదగ్గరగా నిలబడతాయి. ఆకులు చిన్నవి, దళసరివి, విరిస్తే పటుక్కుమనేవి. కాలి కింద వేళ్ల అల్లిక మెత్తగా దిగుతుంది. ఆ అల్లికను ఎత్తి చూస్తే కింద తెల్లని ఇసుక. పురాతన శిలలు అరిగి, నదులు మోసుకొచ్చి, లక్షల ఏళ్ల వానలు కడిగి కడిగి వదిలిన క్వార్ట్జ్ రేణువులవి. వాటిలో చెట్టు తినడానికి దాదాపు ఏమీ లేదు. అందుకే ఇక్కడి వేళ్లు లోతుకు పోవు. పైపైనే పరుచుకుని, రాలిన ఆకు కుళ్లి ఇసుకలోకి ఇంకిపోకముందే దాని సారాన్ని బూజుల సాయంతో పీల్చేసుకుంటాయి. పెరూవాళ్లు ఈ అడవిని వరిల్యాల్ అంటారు, బ్రెజిల్‌వాళ్లు కంపినరానా అంటారు. ఇంత పేద నేలను నమ్ముకుని బతికే పిట్టలూ ఉన్నాయి. ఇక్విటోస్ నాట్‌క్యాచర్ అనే చిన్న బూడిదరంగు పక్షిని శాస్త్రలోకం 2005లో గానీ గుర్తించలేదు. అది ఈ తెల్ల ఇసుక అడవిని విడిచి ఎక్కడా ఉండదు.

బంకమట్టి చెట్టు ఇసుకలో ఎందుకు మొలవదు? తిండి చాలక చచ్చిపోతుందని ఎవరైనా అనుకుంటారు. పాల్ ఫైన్, ఇతాలో మెసోనెస్, ఫిలిస్ కోలీ అనే పరిశోధకులు ఆ మాటను పరీక్షకు పెట్టారు. ఇసుక జాతులు, బంకమట్టి జాతులు కలిపి 20 రకాల మొలకలు తీసుకుని, అన్నింటినీ రెండు నేలల్లోనూ నాటారు. కొన్నింటికి పురుగు దూరకుండా సన్నని వల కట్టారు, కొన్నింటిని అలాగే వదిలేశారు. వల కింద జరిగింది చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. బంకమట్టి మొలకలు తెల్ల ఇసుకలో కూడా చక్కగా ఎదిగాయి, ఇసుక జాతులకు ఏమాత్రం తీసిపోలేదు. వల లేనిచోట పురుగులు పడ్డాయి. సారవంతమైన నేలలో పుట్టిన చెట్టు త్వరత్వరగా ఎదగడం నేర్చుకుంది. ఆకు పోతే మరో ఆకు వేస్తుంది. పేద ఇసుకలో ఆ రెండో ఆకు వేసే స్తోమత దానికి లేదు. ఇసుక చెట్టు నెమ్మదిగా ఎదుగుతుంది, ఉన్న ఆకులోనే చేదునీ గట్టిదనాన్నీ దట్టించి కాపాడుకుంటుంది. రెండు అడవుల మధ్య హద్దును మట్టి, పురుగు కలిసి కాపలా కాస్తున్నాయన్నమాట. 2004లో వెలువడిన ఈ ఫలితం ఉష్ణమండల అడవుల గురించి నేను చదివినవాటిలో అన్నిటికంటే అందమైనది.

నేల తేడా నదుల నీటిలోనూ కనబడుతుంది. తెల్ల ఇసుక మీదుగా వచ్చే రియో నీగ్రో నీరు తేయాకు డికాషన్ రంగులో, పుల్లగా, దాదాపు ఏ లవణమూ లేకుండా ఉంటుంది. ఆండీస్ పర్వతాల ఒండ్రు మోసుకొచ్చే సొలిమోయిస్ నీరు చిక్కని మట్టిరంగు. మనావుస్ నగరం దగ్గర రెండు నదులూ ఒక్కచోటికి చేరినా, కిలోమీటర్ల తరబడి నీళ్లు కలవకుండా పక్కపక్కనే పారతాయి. నీటి రంగుల్ని బట్టి అమెజాన్ నదులను 1853లోనే ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ మూడుగా విభజించాడు. నేలల పటానికి తొలి గీతలు ఒక రకంగా అవే.

అసలు పటం గీయడం మాత్రం మహా కష్టమైన పని. యాభై లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి. ఏడాదిలో ఎక్కువ భాగం మబ్బులు. 1970లలో బ్రెజిల్ ప్రభుత్వం విమానాలకు రాడార్ కట్టి, మబ్బుల మీంచే తన దేశంలోని అమెజాన్ నేలంతటినీ సర్వే చేయించింది. రాడామ్ అని పిలిచిన ఆ పథకం పటాలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అయినా రాడార్ చూసేది గుట్టల్నీ పల్లాల్నీ. మట్టి గుణం తెలియాలంటే మనిషి నడిచి వెళ్లాలి. గొట్టపు బరమాను నేలలోకి తిప్పి దించాలి, లోతు లోతుకూ మట్టిని పైకి తీయాలి, రంగుల పట్టికతో పోల్చాలి, తడిపి వేళ్ల మధ్య నలిపి జిగట చూడాలి, సంచుల్లో కట్టి ప్రయోగశాలకు మోయాలి. ఒక్కో సంచీ పడవల మీద రోజుల తరబడి ప్రయాణం చేస్తుంది. అంత అడవికి ఎన్ని సంచులు సరిపోతాయి?

దారి చూపింది ఫెర్న్ మొక్కలు. ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయానికి చెందిన హన్నా తువోమిస్తో, ఆమె సహచరులు 1980ల నుంచి పడమటి అమెజాన్‌లో 5 మీటర్ల వెడల్పు, 500 మీటర్ల పొడవు పట్టీల వెంట నడుస్తూ, ఆ మేరలోని ఫెర్న్‌లన్నింటినీ రాసుకున్నారు. ముప్ఫై మీటర్ల చెట్టు జాతి తేల్చాలంటే కొమ్మ దింపాలి, పువ్వు దొరకాలి. ఫెర్న్ మోకాటి ఎత్తునే ఉంటుంది. దాని సిద్ధబీజాలు ధూళికంటే తేలికై గాలిలో ఎక్కడికైనా పోతాయి. అన్నిచోట్లా పడి కొన్నిచోట్లే మొలిచిందంటే, అందులో నేల మాట పెద్దదే అయి ఉండాలి. కొన్ని జాతులు కాల్షియం, మెగ్నీషియం పుష్కలంగా ఉన్నచోటే ఉంటాయి, కొన్ని అవి అంతగా లేని మట్టినే కోరుకుంటాయి. చెట్టును చూసి భూమిలోపలి నీటిని పసిగట్టే విద్యకు వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళం పేరుతో ఒక అధ్యాయమే కేటాయించాడు. మొక్కను అడిగి భూమి గుట్టు తెలుసుకోవడం ఎంత పాత ఆలోచనో చూడండి.

ఆ ఆలోచనను గాబ్రియెలా జుకిమ్, తుర్కు బృందం 2019లో పటంగా మార్చారు. మట్టినీ ఫెర్న్‌లనూ కలిపి సేకరించిన చోట్ల నుంచి, ఏ జాతికి ఏ మట్టి ఇష్టమో ముందు లెక్క కట్టారు. తర్వాత హెర్బేరియంలలోనూ ఇతర రికార్డుల్లోనూ ఉన్న ఫెర్న్‌ల చిరునామాలు తీశారు. మట్టి నమూనా ఎవరూ తీయని చోట్లకు ఆ మొక్కే సాక్ష్యం చెప్పింది. ఎప్పుడో ఎవరో కోసి, ఆరబెట్టి, కాగితానికి అంటించి దాచిన ఆకు ఈనాడు నేల కబురు చెబుతోంది!

ఇంకో సంగతి మరీ విచిత్రం. ఉత్తర పెరూలో ఉపగ్రహ చిత్రాలను నిశితంగా చూసిన మార్క్ హిగ్గిన్స్ బృందానికి, ఒక్కటే అనుకున్న అడవి నడుమ 300 కిలోమీటర్లకు పైగా సాగే హద్దు కనిపించింది. దాని రెండు పక్కలా దిగి చూస్తే కాల్షియం వంటి లవణాల్లో 15 రెట్ల తేడా. మొక్కల జాతులు దాదాపు పూర్తిగా వేరు. కారణం కోటి ఏళ్లు దాటిన గతంలో ఉంది. సుమారు 2.3 కోట్ల ఏళ్ల కిందటి నుంచి కోటి ఏళ్ల కిందటి వరకు పడమటి అమెజాన్ అంతా మడుగులూ చిత్తడులూ. పెబాస్ అని పిలిచే ఆ జలాల అడుగున గుల్లలు కలిసిన సారవంతమైన బంకమట్టి పేరుకుంది. తర్వాతి నదులు దాని మీద పేద మట్టిని పరిచాయి. ఆ పైమట్టి కోసుకుపోయినచోట పాత మడుగుల అడుగు బయటపడింది. ఈనాటి చెట్లు ఆ కనబడని నీటి ఒడ్డును పట్టుకుని నిలబడి ఉన్నాయి. పడమటి బ్రెజిల్‌లో ఇలాంటిదే మరో హద్దు 1500 కిలోమీటర్లకు పైగా సాగుతుందని అదే బృందం 2011లో రాసింది.

నేల వయసు చెట్టు ఆయుష్షులోనూ కనబడుతుంది. ఆండీస్ పాదాల దగ్గర మట్టి లేతది, సారం ఎక్కువ. అక్కడ చెట్లు త్వరగా పెరిగి త్వరగా కూలుతాయి. తూర్పున ముదిరిపోయిన ఎర్రమట్టి మీద చెట్లు నిదానంగా, గట్టి చేవతో, ఎక్కువకాలం నిలుస్తాయి. ముసలి నేలకు ముఖ్యంగా కొరవడేది భాస్వరం. మనావుస్ సమీపంలో ఎల్లెన్ కూన్యా, ఆమె సహచరులు అడవి నేలకు రకరకాల పోషకాలు చల్లి చూస్తే, భాస్వరం ఒక్కదానికే అడవి పెరుగుదల హెచ్చింది. 2022లో ఆ ఫలితం ప్రచురితమైంది. ఆ భాస్వరం కొంత సముద్రం అవతలి నుంచీ వస్తుంది. ఆఫ్రికాలోని చాద్ దేశంలో ఎండిపోయిన ఒక ప్రాచీన సరస్సు ధూళి అట్లాంటిక్ దాటి ఏటా అమెజాన్ మీద రాలుతుంది. సహారా ధూళి వెంట ఏడాదికి సుమారు 22,000 టన్నుల భాస్వరం అలా చేరుతోందని నాసా శాస్త్రవేత్తలు 2015లో అంచనా కట్టారు.

మనుషులు చేసిన నేలలూ ఉన్నాయి. నది గట్లమీది ఆ కారునలుపు మట్టి యూరోపియన్లు రాకముందు అక్కడి ఆదివాసులు వందల ఏళ్లపాటు బూడిద, బొగ్గు, చేప ముళ్లు, వంటింటి వ్యర్థాలు వేసి తయారుచేసుకున్నది. కొన్నిచోట్ల రెండు మీటర్ల లోతు ఉంటుంది. ఈనాటికీ సారం తగ్గలేదు.

ఇన్ని నేలలుండగా రక్షిత అడవి అంటే ఎన్ని చదరపు కిలోమీటర్లన్న లెక్కే వినిపించడం నాకు బాధ కలిగిస్తుంది. బంకమట్టి అడవిని లక్ష హెక్టార్లు కాపాడినా తెల్ల ఇసుక అడవికి అది బదులు కాదు. తెల్ల ఇసుక నేలలు అమెజాన్ పరీవాహకంలో సుమారు 5 శాతమే. ఇక్విటోస్ చుట్టుపక్కల ఆ ఇసుకను ఇళ్ల నిర్మాణానికి తవ్వుకుపోతున్నారు. అభయారణ్యాల సరిహద్దులు గీసేవాళ్లు నేలల పటాన్ని ముందు పెట్టుకుని గీయాలి. ఒక్కో నేలకూ దాని అడవిలో కొంత భాగమైనా మిగలాలి. తెల్ల ఇసుక పైన పలచగా ఉన్న ఆ వేళ్ల అల్లిక ఒకసారి చెదిరితే, పక్కనున్న బంకమట్టి అడవి నుంచి మొలకలు తెచ్చి నాటినా ఆ ఇసుకలో నిలవవు.