నూటికి తొంభై, తొంభై పర్సంటైల్ ఒకటేనా?

ఉక్కు కర్మాగారంలో పనికోసం భిలాయి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో పవర్ హౌస్ పరిసరాల్లో స్థిరపడ్డాయి. 2016లో భిలాయికి ఐఐటీ కూడా వచ్చింది. అందులో బి.టెక్. సీటు కావాలంటే ముందు జేఈఈ మెయిన్, తర్వాత జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. మెయిన్ ఫలితాల్లో కనిపించే 'పర్సంటైల్' అంటే ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

శాతం అంటే మొత్తం మార్కుల్లో మీకు వచ్చిన భాగం. 300కు 150 వస్తే 50 శాతం. ఇందులో ఇతరుల ప్రసక్తి లేదు. పర్సంటైల్ అలా కాదు. మీతోపాటు అదే షిఫ్టులో రాసినవారిలో నూటికి ఎంతమందికి మీతో సమానంగా గాని, మీకన్నా తక్కువగా గాని మార్కులు వచ్చాయో అది చెబుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. పవర్ హౌస్‌కు చెందిన ఇద్దరు స్నేహితుల్లో ఒకరు ఉదయం, మరొకరు మధ్యాహ్నం పరీక్ష రాశారనుకోండి. ఒక్కో షిఫ్టులో 50,000 మంది ఉన్నారు. ఉదయం పేపరు కఠినం. మొదటి విద్యార్థికి 150 మార్కులు వచ్చాయి. ఆ షిఫ్టులో 45,000 మందికి 150 లేదా అంతకన్నా తక్కువ వచ్చాయి. 45,000ను 50,000తో భాగించి 100తో గుణిస్తే 90. మధ్యాహ్నం పేపరు సులువు. అక్కడ 180 తెచ్చుకున్న రెండో విద్యార్థి స్థానమూ సరిగ్గా అదే అయితే, అతనికీ 90 పర్సంటైలే. మార్కుల్లో 30 తేడా ఉన్నా ఇద్దరూ సమానమే!

ఇది న్యాయమేనా? విద్యార్థులను ఏ ఎంపికా లేకుండా షిఫ్టులకు పంచితే, అంత పెద్ద గుంపుల సగటు సామర్థ్యం దాదాపు ఒకటే అవుతుంది. కాబట్టి మార్కుల్లో తేడా పేపరు వల్ల వచ్చిందని భావిస్తారు. ఈ పద్ధతి అంతా ఆ ఊహమీదే నిలబడి ఉంది.

ఇప్పుడు 90 పర్సంటైల్ విలువ ఎంతో లెక్కిద్దాం. 2024లో మెయిన్ రాసినవారు 14 లక్షలకు పైనే. అంటే 90 వచ్చినవారికి ముందు సుమారు 1,40,000 మంది ఉన్నట్టు. 99 అయితే 14,000 మంది, 99.9 అయితే 1,400 మంది. చూడటానికి కొద్దిపాటి తేడా, వరుసలో మాత్రం పదిరెట్లు.

ఈ రెండు మాటల తేడా తెలియక అవకాశం వదులుకోకూడదు. 2025 ఐఐటీ ప్రవేశాల్లో జేఈఈ ర్యాంకుతోపాటు 12వ తరగతిలో 75 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65) ఉండాలని నియమం. లేదా తమ బోర్డులో, తమ వర్గంలో మొదటి 20 పర్సంటైల్‌లో ఉన్నా చాలు. అంటే 72 శాతం వచ్చిన విద్యార్థి కూడా, ఆ ఏడాది తన బోర్డు కటాఫ్ అంతకన్నా తక్కువగా ఉంటే, అర్హుడే. కాబట్టి ఆశ వదులుకునే ముందు కటాఫ్ చూసుకోవాలి.

పర్సంటైల్ ఆ రోజు వరుసలో మీ చోటు మాత్రమే చెబుతుంది. భౌతికశాస్త్రం మీకు ఎంత తెలుసో చెప్పదు.

అభ్యాసం: ఒక షిఫ్టులో 40,000 మంది రాశారు. మీకన్నా ఎక్కువ మార్కులు 1,000 మందికి వచ్చాయి. మీ పర్సంటైల్ ఎంత? (జవాబు: 97.5)