పాత ఓపెన్ కారు కొనబోవువారికి: అపోహలు – వాస్తవాలు

గుంటూరు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారి ప్రక్కనున్న పెదకాకానిలో, భ్రమరాంబా మల్లేశ్వరస్వామి ఆలయము నెదుట క్రొత్తబండిని నిలిపి, దండలు వేసి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి, పూజ జరిపించిన పిమ్మటనే దానిని దారి పట్టించుట ఈ ప్రాంతమున ఆచారము. క్రొత్తబండి మేలుకీడులకు తయారుచేసిన కంపెనీయే పూచీపడును గనుక కొన్నవానికి అంతకు మించిన చింత లేదు. కాని పొగాకును, మిరపను, ప్రత్తిని పండించి కలిమి గడించిన పూర్వతరముల వారి లోగిళ్ల వెనుక, ఎరువుబస్తాలకును విరిగిన నాగళ్లకును నడుమ, గుడ్డటాపు చివికి, చక్రములు నేలలో దిగబడి, మనుమల కాలము దాకా పడియున్న ఓపెన్ కారు ఏదైన కంటబడినప్పుడు, దానిని కొని బాగుచేయించి మరల నడిపింపగోరు ఉత్సాహవంతునకు పూచీపడు వాడెవ్వడును లేడు. అతనికి తోడువచ్చునవి నలుగురి నోటిమాటలే. వానిలో పెక్కు అపోహలు. చెడినవానిలో ఏది సులభముగా బాగగును, ఏది బాగుకాదు అను వివేకము లోపించుటయే ఈ అపోహలన్నిటికిని మూలము.

అపోహ: ఇంజిను కదలకున్నచో బండి తుక్కు, కదలినచో బేరము కుదిరినట్లే.

వాస్తవము: ఏండ్ల తరబడి నిలిచిన బండిలో పిస్టన్ రింగులు సిలిండరు గోడలకు తుప్పుతో అతుకుకొని ఇంజిను బిగుసుకొనుట సహజము. స్పార్క్ ప్లగ్గులు ఊడదీసి, ఆ రంధ్రములలో పలుచని నూనె పోసి, కొన్ని దినములు నాననిచ్చి, గేరును న్యూట్రల్‌లో నుంచి, హాండిలు రాడ్డుతో మెల్లగా ఇటునటు కదపగా కొన్ని ఇంజిన్లు విడివడును. విడివడనిచో విప్పి, బోరు చేయించి, కొలత హెచ్చిన పిస్టన్లు వేయింపవచ్చును. ట్రాక్టరు, లారీ ఇంజిన్లకు విజయవాడ ఆటోనగర్ లేతు షెడ్లలో నిత్యము జరుగు పనియే ఇది. దీని ఖర్చును అనుభవజ్ఞుడైన మేస్త్రీ ముందుగనే ఇంచుమించుగా చెప్పగలడు. బాడీ పని యట్లు కాదు, విప్పిన కొలదియు పెరుగును. ఇక అమ్మువాడు మన యెదుట బ్యాటరీ తగిలించి ఇంజిను మ్రోగించి చూపినంతనే మురిసిపోరాదు. టాంకులోని తుప్పును, జిగురు కట్టిన పాత పెట్రోలును కార్బురేటరులోనికి పోవుటయు, నూనె ఎండిన బేరింగులు ఒరసికొనుటయు ఆ క్షణముననే జరుగును. శుభ్రపరుపక మునుపు మ్రోగింపవద్దని కోరుటయే కొనువానికి మేలు.

అపోహ: ఓపెన్ కారునకును తక్కిన కార్లకును భేదము టాపు ఒక్కటియే.

వాస్తవము: ఇనుపకప్పు ఎండవానలను ఆపుటయే గాక, కారు ముందుభాగమును వెనుకభాగమును పట్టి నిలుపు అంగము కూడ. అది లేనిచో, అడ్డపట్టె తీసిన నులకమంచమువలె, గతుకులదారిలో బండి మెలితిరుగును. అందువలన ఓపెన్ కార్లను చేసినవారు బలమును నేలభాగమునకు దింపిరి. పాత అమెరికను కార్లలో పెక్కింటికి చాసిస్ నడుమ గుణకారపు గుర్తువలె అదనపు బీములు వేసిరి. వేరు చాసిస్ లేక బాడీయే భారము మోయు మారిస్ మైనర్ వంటి వానికి, తలుపుల క్రింద పొడవునా సాగు పెట్టెవంటి రేకుభాగమునకు లోపల అదనపు బలము చేకూర్చిరి. ఆ భాగము తుప్పుపట్టినచో కారునకు నడుము విరిగినట్లే.

దీనిని కనిపెట్టుట కష్టము కాదు. సమతలముపై కారును నిలిపి, తలుపు మూసి, తలుపు వెనుక అంచునకును బాడీకిని నడుమ నున్న సందును పైనుండి క్రిందికి చూడవలెను. పైన సన్నగిల్లి క్రింద వెడల్పైనచో నడుము కుంగియున్నదన్నమాట. పిమ్మట ముందుచక్రమునకు కొంచెము వెనుకగా జాకీ పెట్టి ఎత్తి, ఆ తలుపునే మరల తెరచి మూయవలెను. నేలపై హాయిగా మూసికొన్న తలుపు ఇప్పుడు ఒరసికొనినచో బేరమును అచ్చటనే ఆపుట మంచిది. కొనియే తీరవలెనన్నచో, తలుపుల ఖాళీలకు అడ్డముగా ఇనుపకడ్డీలు బిగించి కొలతలు సరిచూచిన తరువాతనే రేకులు కోయింపవలెను. ఆధారము లేక కోసి వెల్డింగు చేసినచో ఆ వంకరయే శాశ్వతమగును.

అపోహ: గుంటూరు ఎండలకు ఇనుము తుప్పు పట్టదు, షెడ్డులో టార్పాలిన్ కప్పియున్న బండికి భయమే లేదు.

వాస్తవము: వేసవి ఎండ ఎంత తీవ్రమైనను, ఈ మైదానపు నల్లరేగడి వానకాలమున త్రాగిన నీటిని చాలకాలము వదలదు. పచ్చినేలపై నిలిచిన బండికి తేమ క్రిందినుండి వచ్చును. పైనున్న టార్పాలిన్ ఆ తేమను పోనీయక పట్టియుంచును. అక్టోబరు, నవంబరు నెలల వాయుగుండపు వానలలో చిరిగిన గుడ్డటాపు గుండ కారిన నీరు తివాచీ క్రింద చేరును. నీరు జారిపోవలసిన చిన్నరంధ్రములు వేపాకులతోను చింతాకులతోను పూడియుండును. కావున సీట్లు తీయించి, తివాచీ ఎత్తి, నేలరేకును స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడవలెను. గట్టిరేకు ఖంగుమనును, పుచ్చినరేకు మెత్తగా పలుకును. 1930ల నడిమి కాలము దాకా వచ్చిన పెక్కు కార్లలో రేకు వెనుక కొయ్యచట్రము ఉండును; దానికి తుప్పుకంటె చెదలు ప్రబలశత్రువు.

పైరంగు తళతళలు చూచి మోసపోవలదు. పలుచని గుడ్డచుట్టిన అయస్కాంతమును ఫెండర్ల అంచులపైనను, తలుపుల అడుగుభాగములపైనను నడిపింపగా ఎచ్చట పట్టు తప్పునో అచ్చట రేకు లేక పుట్టీ ఉన్నదని గ్రహింపవలెను. అల్యూమినియము రేకునకును అయస్కాంతము అంటదు గనుక, తీర్పు చెప్పుటకు ముందు ఆ భాగము ఏ లోహముతో చేసినదో తెలిసికొనవలెను.

అపోహ: తక్కువ తిరిగిన బండి చెడదు.

వాస్తవము: హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో నేడు ప్రదర్శనలో నున్న పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టును, నిజాము సింహాసనపు కారును, చూచినవారు దాని పూర్వకథయు తెలిసికొనవలెను. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరు చేసిన ఆ కారు, 1911లో ఆయన గతించిన పిమ్మట, ఏడవ నిజాము కాలమున కొద్ది వందల మైళ్లు మాత్రమే తిరిగినది. ఐనను నిర్లక్ష్యమునకు గురియై శిథిలముకాక తప్పలేదు. నేటి శోభ అంతయు తరువాత జరిగిన పునరుద్ధరణ ఫలము.

నిలిచియుండుటయే యంత్రమునకు వ్యాధి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొని చక్రముల యొద్ద సిలిండర్లను లోపలినుండి తినివేయును. టైరు గాడులు నిండుగా ఉన్నను రబ్బరు ఏండ్లకే గట్టిపడి పగులును. నేటి పెట్రోలులో 20 శాతము దాకా కలియు ఇథనాల్, దానికై ఉద్దేశింపబడని పాత రబ్బరు గొట్టములను చెరచును. ఎలుకలు కొరికిన వైర్లు, ముఖ్యముగా గుడ్డతొడుగు గల పాతకాలపు వైర్లు, అగ్నిప్రమాదమునకు మూలము. కావున బ్రేకులు, గొట్టములు, టైర్లు, వైరింగు అన్నియు మార్చవలసినవే యని ఎంచి ఆ మొత్తమును బేరమునకు ముందే లెక్కలో వేసికొనవలెను.

అపోహ: టాపు చిరిగిననేమి, మంచి దర్జీచేత కుట్టించినచో సరి.

వాస్తవము: గుడ్డ కుట్టువారు దొరుకుదురు, టాపును మోయు చట్రము దొరకదు. కొయ్యవిల్లులు, మడతబందులు, అద్దపు చట్రమునకు టాపును బిగించు కొక్కెములు, ప్రక్కతెరల ఊచలు ఇవన్నియు ఆ మోడలునకే ప్రత్యేకములు. విరిగినదైనను ఉన్న వస్తువు మేలు. దానిని మాదిరిగా పెట్టుకొని లేతు మేస్త్రీ గాని వడ్రంగి గాని క్రొత్తది చేయగలడు. అసలే లేని వస్తువునకు మాదిరి ఎచ్చటనుండి తేవలెను? కావున బండిలోని లోపముల పట్టికతోపాటు లేని వస్తువుల పట్టికయు వ్రాసికొనవలెను. తరచుగా రెండవదియే ఖరీదైనది.

అపోహ: ఏ పాతకారునకైనను కప్పు కోయించినచో ఓపెన్ కారగును.

వాస్తవము: ముందుగా ఆ బండి ఏ కాలపుదో, ఏ మోడలో చూడవలెను. బొంబాయిలో జనరల్ మోటార్స్ వారు 1928లో ఆరంభించిన కార్ల కూర్పు 1954లో ముగిసినది; 1953 నాటి టారిఫ్ కమిషన్ సిఫారసుల పిమ్మట, మన దేశముననే తయారుచేయు ఉద్దేశము లేని విదేశీ కంపెనీలకు ఇచ్చట తావు లేకపోయెను. అటుపై రాజ్యమేలిన అంబాసిడర్, ఫియట్ కార్లు రెండును కప్పు గల కార్లే. అందుచేత ఆ మోడళ్లలో కప్పు లేనిది కనబడినచో ఎవరో కోయించినదని శంకింపవలెను. ఆ రెండును బాడీయే బలముగా గలవి గనుక కోతతో వాని బలము హరించుకుపోవును. 1961 నుండి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు సంగతి కొంత వేరు: దానికి చాసిస్ వేరు, కప్పు బోల్టులతో బిగించినది, విప్పుటకు వీలైనది. ఐనను, మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించిన రూపమునకు భిన్నముగా బండిని మార్చుట నిషిద్ధమని మరువరాదు.

అపోహ: 15 ఏండ్లు దాటిన బండికి కాగితములు పుట్టవు, లేదా, ఇంత పాతబండికి కాగితములతో పనిలేదు.

వాస్తవము: రెండును తప్పే. 15 ఏండ్లు దాటిన పెట్రోలు కార్లపై నిషేధము ఢిల్లీ రాజధాని ప్రాంతమునకు సంబంధించిన కట్టడి. ఇతరత్ర పరీక్షలో నెగ్గిన బండి రిజిస్ట్రేషను అయిదేసి ఏండ్లకు పొడిగింపబడును. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారము, తొలి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్లలో గణనీయమైన మార్పు లేక మూలరూపమున నిలిచిన కారు వింటేజి వాహనము. క్రొత్తగా నమోదు చేయించుటకు రుసుము 20,000 రూపాయలు, మరల నమోదుకు 5,000. నమోదు 10 ఏండ్లు చెల్లును. నంబరులో ‘వి ఏ’ అను అక్షరములు చేరును. అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుటకు తీసికొనిపోవచ్చునే గాని నిత్యవ్యవహారమునకు వాడరాదు.

ఆర్.సి. తాతగారి పేర నున్నచో, వారసులు ముందు తమ పేరునకు మార్పించుకొని పిదప అమ్మవలెను. ఒక వారసుని సంతకముతో కొన్న బండి మరొక వారసుని వ్యాజ్యమునకు కారణము కావచ్చును. చాసిస్ నంబరుపై పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి ఆర్.సి.తో సరిపోల్చవలెను, అక్షరములు ఎగుడుదిగుడుగా పడినను, చుట్టు ఆకురాయి గీతలు కనబడినను ఆ బండి జోలికి పోరాదు.

పాతకారు కొనుట బంగారము కొనుటవంటి దను భ్రమతో ఈ పనికి దిగువారు, పునరుద్ధరణ వ్యయము బండి వెలను మించిపోవుట సర్వసాధారణమని తెలిసికొనవలెను. చదువరులకు మా విన్నపమిది: వెలుతురు చక్కగా నున్న పగటివేళ, తొందర లేక, బండి అడుగునకు దూరి చూడగల మేస్త్రీని వెంటబెట్టుకొని పొండు. ముందు కాగితములు, పిమ్మట నేలరేకును నడుమును, పిమ్మట లేని వస్తువులు, ఆఖరున ఇంజిను, ఈ వరుసలో పరీక్షింపుడు. మొదటి రెంటిలో ఏ ఒక్కటి తప్పినను, తక్కినవి ఎంత బాగున్నను, అడ్వాన్సు ఇవ్వకుడు.