గ్లాసులో పన్నెండేళ్లు!

తెరమీద విస్కీ అంటే రంగునీళ్లే కదా! 'దేవదాసు' (1953)లో అక్కినేని మత్తుకళ్లు కూడా, రాత్రిళ్లు పెరుగన్నం తిని షూటింగుకు రావడంవల్ల వచ్చినవేనట.

అసలు సరుకును మొన్న కోటబొమ్మాళిలో చూశాను. ఓడలో పనిచేసే మా బావ స్కాట్లండు ఐలా దీవి విస్కీ 'బున్నహావెన్' పట్టుకొచ్చాడు. 1881లో పెట్టిన డిస్టిలరీ అది. ఆ దీవిలో చాలామంది బార్లీ మొలకల్ని పీటుమట్టి పొగలో ఆరబెడతారు. ఘాటంతా ఆ పొగదే.

"ఏటి బావా, పొగవాసనేదీ?" అన్నాను.

"ఈళ్లు దీనికి పొగ తగల్నివ్వర్రా. రంగూ కలపరు, అది పీపా ఇచ్చిందే. పన్నెండేళ్లు!"

ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుందట. దాన్ని 'దేవదూతల వాటా' అంటారు. కెన్ లోచ్ 2012లో ఆ పేరుతోనే సినిమా తీశాడు.

వంటింట్లోంచి అత్త అంది: "నువ్వు ఓడెక్కీ పన్నెండేళ్లేరా. మరి నా వాటా ఏదీ?"

బావ గ్లాసు కిందపెట్టాడు.