మీకు తెలుసా? స్టేషనరీలు రెండు!

పెన్నులు, కాగితాలు అమ్మే స్టేషనరీ ఒకటి. కదలకుండా ఉన్నదాన్ని చెప్పే స్టేషనరీ ఇంకొకటి. పలకడంలో తేడా లేదు, తెలుగులో రాసినా తేడా కనపడదు. ఇంగ్లిష్ స్పెల్లింగులో మాత్రం 'ఆర్'కి ముందు కాగితాల స్టేషనరీకి 'ఈ', కదలనిదానికి 'ఏ' రావాలి. డిక్టేషన్‌లో పిల్లలు తడబడేది అక్కడే.

ఎన్వలప్‌లోని 'ఈ'ని గుర్తుపెట్టుకోమనడం పాత చిట్కా. మన ఇళ్లలో దాన్ని కవరు అంటాం కాబట్టి అది పిల్లలకు అంతగా అతకదు. అంతకంటే పేపర్, కార్ నయం. పేపర్‌లో 'ఆర్'కి ముందు 'ఈ', ఆగి ఉన్న కార్‌లో 'ఏ'. బొమ్మ వేసి చూపిస్తే ఇంకా మంచిది.

అసలు ఈ రెండూ ఒక తల్లి పిల్లలే. మధ్యయుగాల ఐరోపాలో చాలామంది వర్తకులు ఊరూరా తిరిగి అమ్ముకునేవారు. విశ్వవిద్యాలయాల దగ్గర ఒకేచోట కొట్టు పెట్టుకుని పుస్తకాలు అమ్మేవారికి లాటిన్‌లో 'స్టేషనారియస్' అని పేరు. అంటే స్టేషనరీ కొట్టు పుట్టుకతోనే కదలని కొట్టు! లండన్‌లో ఈ వృత్తివారి సంఘం 1403లోనే ఏర్పడింది. 1557లో దానికి రాజ శాసనం దక్కింది.

రైల్వే స్టేషన్‌దీ ఇదే కుటుంబం. దీని మూలమైన లాటిన్ 'స్తారే'కి నిలబడటం అని అర్థం. సంస్కృతంలోని 'స్థా' ధాతువు దానికి దగ్గరి చుట్టం. మనం రోజూ వాడే స్థానం, స్థిరాస్తి ఆ ధాతువు నుంచి వచ్చినవే.