ఒకే పద్యం – ముగ్గురు కృష్ణులు

గుత్తిలో ఎండాకాలపు రాత్రి అంటే మిద్దెమీది రాత్రి. పగలంతా కాగిన కోటకొండ చీకటి పడినా వేడి కక్కుతూనే ఉంటుంది. గాలికోసం ఎదురుచూస్తూ చాపలు పరచుకుని కూర్చున్నవారికి ఏదో ఒక కాలక్షేపం కావాలి గదా! మొన్న ఒక రాత్రి మా యింట ఒకే పద్యాన్ని ముగ్గురు గాయకుల నోట వరుసగా విన్నాము. విని ఊరుకుంటే బాగానే ఉండేది. పోట్లాడుకున్నాము కూడా.

పద్యం తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగంలోనిది. రాయబారానికి వచ్చిన కృష్ణుడు నిండుసభలో నిలిచి కౌరవరాజును అడుగుతాడు: జరిగిందేదో జరిగిపోయింది, వాళ్లు ఓర్చుకున్నారు, నన్ను పంపారు, నీ బిడ్డలూ ప్రజలూ చల్లగా ఉండేలా సంధి చేస్తావా, యుద్ధమే తెచ్చుకుంటావా, తేల్చి చెప్పు అని. నాలుగు పాదాల ఉత్పలమాల. అందులో ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్నకు దొరికిన జవాబే కురుక్షేత్రం.

మొదట షణ్ముఖి ఆంజనేయరాజుగారిని విన్నాము. ఏమి గొంతు! పాదం చివర రాగం ఎత్తుకుంటే హార్మోనియం వెంట పరుగెత్తవలసిందే. మా ఆవిడ కళ్లు మూసుకుని తల ఊపింది. తరువాత పీసపాటి నరసింహమూర్తిగారు. ఈయన రాగాన్ని పొదుపుగా వాడుకునే మనిషి. మాటను విరవకుండా, ఎదుటివాని ముఖంలోకి చూసి అడుగుతున్నట్లు పద్యం నడిపిస్తారు. చివరికి ఘంటసాల. 1967లో వచ్చిన ‘శ్రీకృష్ణావతారం’ సినిమాలో రామారావుగారి కృష్ణునికి ఆయన పాడినది. అందులో రాగం ఉన్నది, కాని అది మాట కుదురుకున్నాకనే వస్తుంది. పని తీరగానే తప్పుకుంటుంది.

‘‘షణ్ముఖిగారి ముందు తక్కినవాళ్లు దిగదుడుపే’’ అన్నది మా ఆవిడ. తొమ్మిదో తరగతి చదివే మావాడు ఘంటసాల పక్షం. నేను పీసపాటివారి పక్షం.

ఈ తగవు మా మిద్దెమీద పుట్టింది కాదు. దీని వేళ్లు మా సీమలోనే ఉన్నాయి. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు 1886లో బళ్లారిలో ‘చిత్రనళీయం’ ఆడించి, తెలుగు రంగస్థలంమీద పాటకూ పద్యానికీ పెద్దపీట వేశారు. ఆయన మేనల్లుడే బళ్లారి రాఘవ. 1880లో మా పొరుగున తాడిపత్రిలో పుట్టినవాడు. సంగీతం నటనను మింగరాదని, పాత్ర మనసు మాటలో పలకాలని ఆయన వాదం. మేనమామ తెచ్చిన రాగానికి మేనల్లుడు కళ్లెం వేయబోయాడన్నమాట! ప్రజలు మాత్రం ‘వన్స్‌మోర్’ మానలేదు. బెంచీలమీదినుంచి ఈల పడిందంటే కృష్ణుడు చేసిన హెచ్చరికే మళ్లీ చేయాలి. దుర్యోధనుడు అంతవరకూ కోపం బిగబట్టుకుని నిలబడి ఉండాలి.

ఈ జోరుకు తొలి కళ్లెం వేసింది విమర్శకులు కాదు, గ్రామఫోను. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పది అంగుళాల పళ్లెంలో ఒక్కొక్క వైపు మూడు నిమిషాలకు కొంచెం అటూ ఇటూగా మాత్రమే చోటు. స్టేజీమీద పద్యాన్ని ఎంతైనా సాగదీయవచ్చు, పళ్లెంమీద సాగదు. అందుచేత పాత రికార్డు విని, ఈ నటుడు నాటకంలోనూ ఇంతే పాడేవాడనుకుంటే పొరపాటు.

దూరదేశాల్లోనూ ఇదే తగవు. ఇటలీవారికి ‘బెల్ కాంటో’ అనే సంప్రదాయం ఉన్నది. అందమైన గానమని అర్థం. 1831లో మిలాన్ నగరంలో మొదటిసారి ఆడిన బెల్లినీ ‘నోర్మా’, 1835లో నేపుల్సులో ఆడిన దోనిజెత్తి ‘లూచియా’ ఆ బాణీవే. ఈ లూచియా పాత్రను మరియా కల్లాస్ 1953లో రికార్డు చేసింది. 1959లో లండనులో అదే పాత్రతో జోన్ సదర్లాండ్ పేరు మారుమోగింది. సదర్లాండుది మచ్చలేని గొంతు. మాట మాత్రం స్పష్టంగా వినపడదని ఫిర్యాదు. కల్లాసుది ఒక్కొక్కచోట గరుకు తేలే గొంతు. కాని ఆ పిచ్చిపిల్ల బాధ ప్రతి అక్షరంలోనూ పలుకుతుంది. ఎవరు గొప్ప అని అక్కడివారు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

మా వాదం తెగక, మూలన విసనకర్ర విసురుకుంటున్న మా అమ్మను అడిగాము. ఆమెకు చదువు రాదు. భారతమంతా నాటకాలు చూసి నేర్చుకున్నదే.

‘‘అవ్వా, ఎవురు బాగా పాడినారో నువ్వు చెప్పు’’ అన్నాడు మావాడు.

‘‘మొదటాయన గొంతు బంగారమబ్బీ. ఆయప్ప పాడుతాంటే వినాలనిపిస్తాది గానీ, కిష్ణుడు ఏమడిగినాడో మరిచిపోతిని. రెండో ఆయన అడిగినప్పుడు నాకు మా అన్నదమ్ములు గుర్తొచ్చినారు’’ అన్నది.

మేము గమ్మున ఉండిపోయాము. ఆ కథ మాకు తెలుసు. మా మేనమామలిద్దరికీ ఒక కరువు సంవత్సరంలో బావి దగ్గర తగవు వచ్చింది. ఉన్న నాలుగు బిందెల ఊటకోసం కోర్టుకు ఎక్కారు. తీర్పు వచ్చేసరికి బావి ఎండింది, చేను అమ్ముడుపోయింది. ఒకరి చావుకు ఒకరు పోలేదు.

‘‘సంధి చేసుకుంటారా, కొట్టుకుంటారా, తేల్చి చెప్పండని అడిగే మనిషి ఆపొద్దు మా యింట్లో లేకపాయ నాయనా. నేను ఆడపిల్లనని అడగలేకపోతి’’ అన్నది.

మా ఆవిడ మారుమాట్లాడకుండా పీసపాటివారి పద్యాన్నే మళ్లీ పెట్టింది. పద్యం అయింతర్వాత అమ్మ, ‘‘ఇప్పుడు ఆ మొదటాయన్ని పెట్టమ్మా. అడగవలసింది అడిగేసినాడు గదా, ఇంక రాగం విందాం’’ అన్నది.

కోటమీదినుంచి చల్లగాలి తిరిగింది. అర్థం తెలిసి వింటే ఆ రాగం నాకూ మొదటిసారికంటే బాగున్నది. మీ యింట ఇటువంటి తగవు వస్తే, ముందు మాట తెలిసేటట్లు పాడినవారిని వినండి. తరువాత రాగానికి రాజయినవారిని పెట్టండి. ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.