ఎండ నాశ్రయింపని పగడములు

మన ప్రాంతమున స్త్రీలు పుస్తెలత్రాటికి గ్రుచ్చుకొను ఎఱ్ఱని పగడములను చూడనివా రరుదు. వానిని రాళ్లని తలచువారు కొందఱు, సముద్రపు చెట్లని తలచువారు మఱికొందఱు. నిజమునకు పగడము చిన్న ప్రాణులు గుంపుగూడి నిర్మించుకొనిన యస్థిపంజరము. ఆ గుంపునందలి యొక్కొక్క ప్రాణికి పాలిప్ అని పేరు. దానికి నోరొకటియు, నోటిచుట్టు మెత్తని తంతువులును గలవు.

పగడపు జీవులలో రెండు తెగలు గలవు. దిబ్బలు కట్టు పగడములలో పెక్కింటి దేహమునందు కంటి కగపడని పాచికణములు నివసించును. అవి యెండచే నాహారము తయారుచేసి, అందు చాలభాగము తమకు చోటిచ్చిన ప్రాణికే యిచ్చును. రెండవ తెగకు ఈ సహాయము లేదు. మధ్యధరాసముద్రపు గుహలయందు మసకవెలుతురులో పెరుగు ఎఱ్ఱపగడ మీ తెగలోనిది. నారింజవన్నె గల ట్యుబాస్ట్రియా యనుదానిని రంగునుబట్టి సూర్యపగడ మందురు గాని, దానికి సూర్యునితో పనిలేదు. నీటిలో కొట్టుకొనివచ్చు చిన్న జీవులను పట్టి తినియే అది బ్రదుకును.

పరదేశములలో ఇట్టివానిని గాజుతొట్లలో పెంచువారు గలరు. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణములు, ఇంచుమించు 25 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణము, ఎడతెగని నీటికదలిక ఇందులకు కావలెను. తొట్టి నింపిన వెంటనే ప్రాణిని దింపరాదు. కుళ్లినదానినుండి పుట్టు అమోనియాను మొదట నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చు బాక్టీరియా రాళ్లపై వృద్ధియగుటకు 4 మొదలు 6 వారములు పట్టును. దీపముల వ్యయము తక్కువయే, శ్రమయంతయు మేతయందున్నది. ప్రతి పాలిప్‌నకును వేర్వేరుగా గొట్టముతో నాహార మందింపవలెను. మేత తగ్గినచో ప్రాణి శుష్కించును. హెచ్చినచో మిగిలినది కుళ్లి నీటిని విషము చేయును. ఈ రెంటి నడుమ త్రోవ తెలిసికొనుటయే ఈ విద్య.

అయినను మన విద్యార్థులు పగడములకొఱకు సముద్రమునకు పోరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికయందు రాతిపగడములు, నల్లపగడములు మొదలగునవి 2001లో చేర్చబడినవి. వానిని తీయుట నేరము. కాని పగడమునకు బంధువగు హైడ్రా మన మంచినీటిలోనే యున్నది. అందు ఆకుపచ్చనిది పాచికణములను దేహమున నుంచుకొనును. గోధుమవన్నెది, సూర్యపగడమువలె, వేటచేతనే బ్రదుకును. ఆ విద్య నేర్చుకొనుటకు ఇది చాలును.

దీనిని శ్రద్ధగా పరీక్షించి లోకమునకు తెలిపినవాడు మావంటి బోధకుడే. అబ్రహాము ట్రెంబ్లే యనువాడు 1740లో హాలండు దేశమున హేగు నగరమునకు సమీపమున ఒక ప్రభువు కుమారులకు చదువు చెప్పుచు, నీటిమొక్కలను గాజుపాత్రలో నుంచి చూచుచుండెను. అందు కనబడినది మొక్కయో జంతువో తెలియక, దానిని రెండుగా కోసెను. కొన్ని దినములలో రెండు ముక్కలును రెండు సంపూర్ణప్రాణు లాయెను. మొక్కయే యని తలచునంతలో అది యాహారమును పట్టి మ్రింగుట చూచి, జంతువని నిర్ణయించెను. 1744లో ఈ సంగతులను గ్రంథముగా ప్రకటించెను.

పద్ధతి యిది. మన వేసవి దీనికి పడదు గనుక, శీతకాలమున మొదలుపెట్టవలెను. తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరునకు వచ్చు కాలువ ప్రక్కల నిలిచిన నీటినుండి, పెద్దల తోడుతో, గుఱ్ఱపుడెక్క వేళ్లను కొన్ని తెచ్చి, అదే నీటితో జాడీలో నుంచి, ఒక రాత్రి కదలింపక విడువవలెను. మఱునాడు వేళ్లకును గాజునకును దారపుపోగులవలె, సెంటీమీటరునకు లోపు పొడవున, తంతువులు చాచి వ్రేలాడునవి హైడ్రాలు. అవి లేనిచో మఱియొక చోట వెదుకవలెను. వానిని గొట్టముతో శుభ్రమైన జాడీకి మార్చి, నేరుగా నెండ తగులనిచోట నుంచవలెను. కొళాయినీరు పోయరాదు, అందలి క్లోరిను వానిని చంపును. దినము విడిచి దినము డాఫ్నియా యను చిన్న నీటిజీవులను కొలదిగా వేసి, భూతద్దముతో చూడవలెను. తంతువు తగిలిన జీవి విషపుముల్లుచే స్తంభించి, మెల్లగా నోటిలోనికి లాగబడును. కొన్ని గంటలపిమ్మట మిగిలినదానిని తీసివేసి, నీరు మార్చవలెను.

మా మొదటి ప్రయత్నములు రెండును చెడినవి. మొదటిమారు రాగిబిందెతో నీరు తెచ్చితిమి. మనకు మేలని తలచు రాగి హైడ్రాకు విషము. రెండు దినములలో నన్నియు నశించెను. రెండవమారు, నాలుగు దినముల సెలవు రాగా, పిల్లలు జాలిపడి నాలుగు దినముల మేత నొక్కమారే వేసిరి. తిరిగి వచ్చునప్పటికి జాడీ దుర్గంధము కొట్టుచుండెను, ఒక్కటియు బ్రదుకలేదు. మేము మేత వేయ మఱచిన ప్రక్కజాడీలోనివి మాత్రము చిక్కియు సజీవముగా నుండెను. పిల్లలు చాల దుఃఖించిరి.

దీని కారణమును కొల్లేటి గ్రామపు విద్యార్థి యొకడు మాకంటె ముందు గ్రహించెను. మబ్బుపట్టిన దినమున తన తండ్రి చెఱువులో తవుడును చెక్కయు వేయుట మానునని, వేసినచో తెల్లవారుజామున చేపలు నీటిపైకి తేలి నోళ్లు తెరచునని చెప్పెను. మిగిలిన మేత కుళ్లుచు నీటియందలి ప్రాణవాయువును హరించును. జాడీలో జరిగినదియు నిదియే.

కొల్లేటికిని ఈ న్యాయమే వర్తించును. బుడమేరు, తమ్మిలేరు మున్నగునవి తెచ్చినదంతయు అందు చేరును. సముద్రమునకు పోవు దారి ఉప్పుటే రొక్కటియే. 1999లో ఆ సరస్సు అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సార్ పట్టికయం దెక్కినది. 2006లో అందలి చేపలచెఱువుల గట్లు పెక్కు తెగగొట్టబడినవి. పెద్దల వాదములను పిల్లలు తీర్పలేరు గాని, నీరు తనలో పడినదానిని మఱచిపోదని ఒక జాడీవలన నేర్చుకొనగలరు.

విద్యార్థులారా, ప్రాణిని జాడీలో నుంచినవాడు దాని మేతకును నీటికిని పూచీపడినవాడు. సృష్టికర్త చేసిన ప్రాణి యెంత యల్పమైనను, ఆ పూచీ యల్పము కాదు. మాఘమాసము దాటకముందే మీ హైడ్రాలను తెచ్చినచోటనే మరల విడువుడు.